ఎదురింటి ఆర్థర్

బెల్‌ఫాస్ట్ అనగానే చాలామందికి టైటానిక్ ఓడ జ్ఞాపకము వస్తుంది. 1912లో మంచుకొండను ఢీకొని మునిగిపోయిన ఆ ఓడను కట్టినది ఈ రేవు పట్టణములోనే. ఓడలు కట్టే ఆ స్థలములో ఇప్పుడు పసుపు రంగు పూసిన రెండు పెద్ద క్రేనులు నిలువబడి ఉన్నాయి. సమ్సోను అని ఒకదానికి, గొల్యాతు అని రెండవదానికి పేర్లు పెట్టారు. బైబిలు చదివినవారి ఊరు గదా అనుకున్నాము. ఊరిలో ఏ ప్రక్కకు వెళ్ళినా ఆ రెండూ ఇళ్ళ కప్పుల పైనుండి కనబడుతూనే ఉంటాయి.

మా అమ్మాయి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. రెండవ కాన్పుకు సాయముగా మేమిద్దరము వెళ్ళి మూడు నెలలు ఉన్నాము. ఉత్తర ఐర్లాండు ఇంగ్లాండుతో కలిసి ఒకే రాజ్యము క్రింద ఉన్నది, అయితే మధ్యలో సముద్రమున్నది. వాన ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. పొద్దున్నే ఆరవేసిన గుడ్డలను మధ్యాహ్నములోగా మూడుసార్లు లోపలికి తెచ్చిన రోజులున్నాయి. పిల్ల నిద్రపోయే వేళల్లో, అల్లుడుగారు ఇంట ఉన్న దినాల్లో, మేము చుట్టుప్రక్కల తిరిగి చూసేవారము. ఈ ఊరిలో మాకు అన్నిటికంటె ఎక్కువగా చూడాలనిపించినది టైటానిక్ మ్యూజియము కాదు. ఒక రోడ్డుకు ఇటు అటు ఎదురెదురుగా ఉండిన రెండు ఇళ్ళ స్థలము. ఒక ఇంటిలో పెరిగినవాడు ప్రపంచమంతట పేరు పొందాడు. ఎదురింటిలో పెరిగినవాడిని గూర్చి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఆ ఇద్దరి స్నేహము దాదాపు ఏబది సంవత్సరాలు నడిచినది.

పేరు పొందినవాడు సి.ఎస్. లూయిస్. మన పాస్టర్లు ప్రసంగాలలో ఆయన మాట తరచుగా ఎత్తుతారు. 1898లో బెల్‌ఫాస్టులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో ఉపాధ్యాయుడై, మొదట నాస్తికుడుగా ఉండి తరువాత విశ్వాసియై, క్రైస్తవ విశ్వాసమును గూర్చి మామూలు మనిషికి అర్థమయ్యే మాటలలో వ్రాసిన వ్యక్తి. పిల్లల కొరకు ఆయన వ్రాసిన ఏడు నార్నియా కథలు 1950 నుండి 1956 వరకు ఏటికొకటి చొప్పున వెలువడ్డాయి. ఆ కథలలోని సింహము బొమ్మను, మరి కొన్ని బొమ్మలను తూర్పు బెల్‌ఫాస్టులో ఒక చౌరస్తాలో నిలబెట్టారు. ఆ చౌరస్తాకు 2016లో ఆయన పేరే పెట్టారు. గ్లైడర్ అనే పొడవాటి బస్సు ఎక్కితే ఊరి మధ్యనుండి అక్కడికి ఎంతో సేపు పట్టదు. దగ్గరలోనే మరొక విగ్రహమున్నది. ఒక మనిషి బట్టల బీరువా తలుపు తెరచి లోపలికి చూస్తూ ఉంటాడు. దానిని 1998లో, అంటే లూయిస్ పుట్టి నూరేళ్ళయిన సంవత్సరములో పెట్టారు. స్కూలు పిల్లలు ఆ సింహము మీద ఎక్కి ఫొటోలు దిగుతున్నారు. మా పెద్ద మనుమడు కూడా ఎక్కాడు, దిగనని ఏడ్చాడు.

అక్కడనుండి హోలీవుడ్ రోడ్డు మీద వెళ్తే సెయింట్ మార్క్స్ దేవాలయము వస్తుంది. ఎత్తైన గోపురము గల పెద్ద కట్టడము. లూయిస్ తల్లిగారి తండ్రి ఇక్కడ మొదటి పాదిరి. 1899 జనవరిలో ఆయనే మనుమడికి బాప్తిస్మమిచ్చాడు. లూయిస్, ఆయన అన్న వారెన్ కలిసి తమ తల్లిదండ్రుల జ్ఞాపకార్థము వేయించిన రంగుటద్దాల కిటికీ ఈ దేవాలయములోనే ఉన్నది. పాదిరిగారి ఇంటి తలుపుకు సింహపు తల ఆకారములో ఇత్తడి పిడి ఉన్నదనీ, తాతగారి ఇంటికి వచ్చిన పిల్లవాడి కంటికి అది సరిగా ఎదురుగా ఉండేదనీ చెప్పుతారు. మార్కు సువార్తకు సింహము గురుతు గదా.

సర్క్యులర్ రోడ్డు కొంచెము ఎత్తు మీదికి పోతుంది. రెండు ప్రక్కల పెద్ద చెట్లు, చెట్ల వెనుక పెద్ద పెద్ద తోటలు, తోటల మధ్య ఇళ్ళు. లూయిస్ తండ్రి వకీలు. 1905లో ఆయన కట్టించిన ఇల్లు ఇక్కడ ఉన్నది. దాని పేరు లిటిల్ లీ. ఎర్ర ఇటుకల ఇల్లు. ఇప్పుడు వేరేవారు కాపురముంటున్నారు గనుక గేటు దగ్గరే నిలిచి చూశాము. ఆ రోజుల్లో ఈ ఇంటి ముందునుండి చూస్తే క్రింద పొలాలు, వాటి అవతల సముద్రపు పాయ, దాని అవతల ఆంట్రిమ్ కొండలు కనబడేవి. ఓడలు కట్టే చోటనుండి సుత్తుల చప్పుడు వినబడేది. ఇంటిలో నడవాలు, అటకలు, ఎటు చూచినా పుస్తకాలు. తండ్రి కొన్న ప్రతి పుస్తకమును దాచిపెట్టేవాడు. బీరువాలలో రెండు వరుసలుగా పుస్తకాలు, మెట్ల మలుపులో పుస్తకాలు. వాన పడే దినాలలో పిల్లలిద్దరూ చదువుకోవటము, లేని దేశాలను కల్పించి బొమ్మలు గీయటము తప్ప మరొక పని ఎరుగరు.

1908 ఆగస్టులో తల్లి కాన్సరుతో చనిపోయింది. చిన్నవాడికి ఇంకా పది సంవత్సరాలు నిండలేదు. నెల తిరగకముందే అతణ్ణి సముద్రము దాటించి ఇంగ్లాండులోని బోర్డింగు స్కూలుకు పంపారు. తండ్రి మంచివాడే గాని దుఃఖములో మునిగిపోయి పిల్లలను దగ్గరకు తీయటము ఎరుగడు. మన ఊళ్ళలో అయితే అమ్మమ్మో మేనత్తో వచ్చి పిల్లలను ఒడిలోకి తీసుకునేది. ఆ పిల్లవాడికి అన్న ఒక్కడే దిక్కు.

రోడ్డు అవతలి ప్రక్క ఇంటి పేరు బెర్నా. గ్రీవ్స్ కుటుంబము అందులో ఉండేది. వారు అవిసె నార వడికే మిల్లు యజమానులు. అవిసె నారతో నేసిన బట్టకే లినెన్ అని పేరు. బైబిలులో సన్నపు నారబట్ట అని మనము చదివేది అదే. ఒకప్పుడు ఈ బెల్‌ఫాస్ట్ ఆ బట్టకే లోకములో పేరు పొందినది. ఆ ఇంటిలో అయిదుగురు పిల్లలు. అందరికంటె చిన్నవాడు ఆర్థర్. 1895 ఆగస్టులో పుట్టాడు, అంటే లూయిస్ కంటె మూడు సంవత్సరాలు పెద్ద. గుండె బలహీనమని చిన్ననాడే తేలినది. దానివలన అతణ్ణి కష్టమైన పనికి దేనికీ పోనివ్వలేదు.

చిన్నప్పుడు ఆర్థర్ ఎదురింటి అన్నదమ్ములతో స్నేహము చేయాలని చాలా ప్రయత్నించాడు. వాళ్ళు దగ్గరకు రానివ్వలేదు. వాళ్ళ లోకము వాళ్ళది. ఇలాగు సంవత్సరాలు గడిచాయి. 1914 ఏప్రిల్ నెలలో, సెలవులకు ఇంటికి వచ్చిన లూయిస్‌కు ఎదురింటినుండి కబురు వచ్చింది: ఆర్థర్ జబ్బుపడి లేచి ఇంకా మంచము మీదనే ఉన్నాడు, వచ్చి పలకరిస్తే సంతోషిస్తాడు అని. ఎందుకు వెళ్ళానో తనకే తెలియదని లూయిస్ తరువాత వ్రాసుకున్నాడు. వెళ్ళాడు. ఆర్థర్ మంచము మీద కూర్చొని ఉన్నాడు. ప్రక్కన బల్ల మీద ఉత్తర దేశాల పురాణ కథల పుస్తకమొకటి పడి ఉన్నది. ఆ కథలంటే లూయిస్‌కు ప్రాణము, ఆ సంగతి బయట ఎవరితోనూ చెప్పుకోలేదు. నీకు ఇవి ఇష్టమా అంటే నీకు ఇవి ఇష్టమా అని ఇద్దరూ ఒకరినొకరు అడిగారు. ఇక పుస్తకము తెరచి ఇక్కడ చూడు, అక్కడ చూడు అని ఇద్దరూ దాని మీద పడిపోయారు. అప్పుడు లూయిస్‌కు పదిహేను సంవత్సరాలు. తన అన్నను మినహాయిస్తే తనవంటివాడు లోకములో మరొకడు ఉన్నాడని ఆ దినమే మొదటిసారి తెలిసినది.

ఇద్దరి స్వభావములు మాత్రము వేరు. లూయిస్‌కు తెలివి ఎక్కువ, మాట పదును, కొంచెము గర్వము కూడా. ఆర్థర్ మెత్తనివాడు. చదువులో అంతంత మాత్రము, అక్షరదోషాలు మెండు. లూయిస్ తన ఉత్తరాలలో ఆ దోషాలు ఎత్తి చూపి ఏడిపించేవాడు. అయితే ఎవరు ఎవరికి ఏమి నేర్పారన్న లెక్క చూస్తే, లూయిస్ తానే చెప్పిన ప్రకారము తూకము ఆర్థర్ వైపే మొగ్గుతుంది. లూయిస్ కళ్ళు ఎప్పుడూ దూరపు కొండల మీద, మబ్బుల మీద. ఈ ప్రక్కన ఉన్న హోలీవుడ్ కొండల మీద ఇద్దరూ నడుస్తూ ఉంటే, ఆర్థర్ అతణ్ణి ఆపి, దడిలో ఉన్న సందులోనుండి లోపలికి చూడమనేవాడు. లోపల ఏమున్నది? ప్రొద్దెక్కిన వేళ మనిషి అలికిడి లేని ఒక రైతు దొడ్డి. కొట్టు తలుపు క్రిందనుండి దూరిపోతున్న ఒక బూడిదరంగు పిల్లి. పందులకు కుడితి పోసి ఖాళీ బక్కెట్టుతో తిరిగి వస్తున్న ముసలమ్మ. మరొకచోట వరుసలు తీర్చి నాటిన క్యాబేజీ మడి. ఇంతే. ఇందులో చూడటానికి ఏమున్నదని అడిగే మనిషికి, ఇందులో చూడవలసినది ఉన్నదని ఆర్థర్ నేర్పాడు. తరువాతి కాలములో లూయిస్ పుస్తకాలలో మనకు నచ్చే గుణము, పెద్ద సంగతిని వంటింటి మాటలతో చెప్పే గుణము, ఈ దడి సందుల దగ్గర మొలకెత్తినదని మాకు అనిపిస్తుంది. పల్లెల్లో పుట్టినవారము గనుక అలా అనుకుంటున్నామేమో. ఆ రోడ్డు దిగేటప్పుడు మేము కూడా ఒక దడి సందులోనుండి తొంగి చూశాము. ఒక చక్రాల బండి, నాలుగు పూలకుండీలు కనబడ్డాయి. ఇంతలో లోపలనుండి కుక్క అరిచినది, వచ్చేశాము.

1914లోనే లూయిస్‌ను ఇంగ్లాండులోని గ్రేట్ బుకమ్ అనే పల్లెకు ఒక ముసలి ఉపాధ్యాయుని దగ్గరకు చదువుకు పంపారు. అక్కడనుండి వారానికొక ఉత్తరము ఆర్థర్‌కు. ఒక పాత కథలోని వీరుని పేరు తీసికొని "గాలహాడ్" అని ముద్దుగా పిలిచేవాడు. ఏ పుస్తకము చదివాడు, దాని అట్ట ఎలాగున్నది, కాగితము ఎలాగున్నది, ఏ పాట విన్నాడు, ఏ దారిన నడిచాడు అన్నీ వ్రాసేవాడు. చదివితే ఇద్దరు పిల్లలు బడి గోడ మీద కూర్చొని మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

1916 అక్టోబరులో ఆ ఉత్తరాలలో ఒక పెద్ద సంగతి వచ్చినది. ఆర్థర్ ప్లిమత్ బ్రదరెన్ విశ్వాసుల ఇంటిలో పెరిగినవాడు. గోదావరి డెల్టాలో ఆ సంఘాలు మనకు తెలిసినవే. అటువంటి ఇంటి బిడ్డ, నీ విశ్వాసము సంగతి ఏమిటని స్నేహితుణ్ణి అడిగాడు. తనకు ఏ మతము మీదను నమ్మకము లేదని లూయిస్ తెగేసి వ్రాశాడు. పదిహేడేళ్ళ కుర్రవాని గర్వమంతా ఆ మాటలలో ఉన్నది. ఆర్థర్ నొచ్చుకున్నాడు, జవాబు వ్రాశాడు. రెండు మూడు ఉత్తరాలు వేడి వేడిగా నడిచాయి. తరువాత ఇద్దరూ ఆ సంగతిని ప్రక్కన పెట్టారు. ఉత్తరాలు మాత్రము ఆగలేదు.

ఇక్కడ మాకు మా జిల్లాలోని ఒక గ్రామము జ్ఞాపకము వచ్చినది. ఆ గ్రామములో ఒకటే సంఘముండేది. లెక్కల దగ్గర మొదలైన తగవు పెద్దదై సంఘము రెండుగా చీలినది. రోడ్డుకు ఈ ప్రక్క పాత మందిరము, ఆ ప్రక్క రేకుల షెడ్డులో క్రొత్తది. రెండింటి మైకులు ఒకేసారి మ్రోగుతాయి. చీలిక వచ్చిన తరువాత తోడికోడళ్ళు మాట్లాడుకోవటము మానేశారు. పెళ్ళి పిలుపులు ఆగిపోయాయి. ఇద్దరు ముసలివారు మాత్రము ఉన్నారు. చిన్నప్పుడు కలిసి గేదెలు కాచినవారు, ఒకే దినమున చెరువులో బాప్తిస్మము పొందినవారు. ఒకాయన ఇటు, ఒకాయన అటు. ఆదివారము ఆరాధనలు అయిపోయిన వెంటనే ఇద్దరూ టీ కొట్టు బల్ల మీద ప్రక్కప్రక్కన కూర్చుంటారు. ఒక టీ తెప్పించి రెండు గ్లాసులలో పోసుకుంటారు. దీనిమీద రెండు సంఘాల పెద్దలకూ అభ్యంతరమే. "అటువారితో నీకేమి పని తాతా" అని ఒక పెద్ద అడిగితే, "వాడు అటువాడు అవకముందునుండి నాకు తెలుసయ్యా" అన్నాడట. ఆ గ్రామములో ఇప్పటికీ రెండు సంఘాలకు మధ్య తెగని దారము ఆ బల్ల ఒక్కటే.

బెల్‌ఫాస్టులో కూడా గోడలున్నాయి. ప్రొటెస్టెంట్లకు, కథోలికులకు మధ్య 1960ల చివరనుండి ముప్పది సంవత్సరాలు కొట్లాటలు జరిగి మూడువేల అయిదువందల మందికి పైగా చనిపోయారు. 1998లో ఒప్పందము జరిగినది గాని వీధుల మధ్య కట్టిన ఎత్తైన గోడలు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. మా అమ్మాయి ఒక దినము బస్సులోనుండి చూపించినది. మందిరాల మధ్య గోడలంటే మనకు క్రొత్తేమీ కాదు గాని, సిమెంటుతో, ఇనుప వలతో ఇంత ఎత్తున కట్టిన గోడను చూస్తే మాట రాలేదు.

మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది. లూయిస్ సైన్యములో చేరి, తన పందొమ్మిదవ పుట్టినరోజున, 1917 నవంబరు 29న, ఫ్రాన్సులో యుద్ధభూమికి చేరాడు. 1918 ఏప్రిల్లో గాయపడ్డాడు. గుండె జబ్బువలన ఆర్థర్ ఇంటిలోనే ఉండిపోయాడు. తరువాత లండనులో కొంత కాలము చిత్రలేఖనము నేర్చుకున్నాడు. బొమ్మలు వేసేవాడు. అందులో గొప్ప పేరు రాలేదు. కుటుంబానికి కలిమి ఉండటము వలన ఉద్యోగము చేయవలసిన అవసరము పడలేదు. మన ఊరిలో అయితే "మీ వాడు ఏమి చేస్తున్నాడండీ" అన్న ప్రశ్నకు ఆ తల్లి జీవితమంతా తలదించుకునేది. అక్కడ కూడా కొందరు అలాగే అనుకొని ఉంటారు. కథ వ్రాసి ప్రచురణకు పంపితే అది కూడా నెరవేరలేదు. అప్పుడు, 1930 ఆగస్టులో, లూయిస్ అతనికి వ్రాసిన ఉత్తరము ఓదార్పు ఉత్తరాలలో మేము చదివిన మంచివాటిలో ఒకటి. ఏమీ కాదులే, మళ్ళీ ప్రయత్నించు అనే పై పై మాటలు అందులో లేవు. తాను కూడా పదహారేళ్ళ వయస్సునుండి కవిగా పేరు తెచ్చుకోవాలని ఆశపడి ఓడిపోయానని, ఆ దెబ్బ ఎంత నొప్పో తనకు తెలుసునని వ్రాశాడు. అప్పటికి లూయిస్‌కు కూడా పేరు లేదని మనము మరువకూడదు.

1929 సెప్టెంబరులో లూయిస్ తండ్రి చనిపోయాడు. మరుసటి సంవత్సరము లిటిల్ లీ ఇంటిని అమ్మేశారు. ఇక బెల్‌ఫాస్టుకు వస్తే దిగటానికి ఎదురిల్లే. తన చిన్ననాటి ఇంటిని పరాయివారి ఇంటిగా రోడ్డు ఇవతలనుండి చూడటము ఎలాగుండెనో గాని, లూయిస్ వస్తూనే ఉన్నాడు. 1932 ఆగస్టులో బెర్నాలో ఆర్థర్ దగ్గర రెండు వారాలు ఉండి ఒక పుస్తకము మొత్తము వ్రాసి ముగించాడు. మన యాత్రికుని ప్రయాణము పుస్తకపు ఫక్కీలో, దేవునినుండి దూరమైపోయిన ఒకడు తిరిగి ఇల్లు చేరుకునే కథ అది. 1933లో అచ్చయినది. విశ్వాసములోనికి వచ్చిన తరువాత ఆయన వ్రాసిన మొదటి పుస్తకము అదే. ఆర్థర్‌కే దానిని అంకితమిచ్చాడు.

ఆ విశ్వాసపు సంగతి కూడా ముందుగా చేరినది ఆర్థర్‌కే. 1930 జనవరిలో, తనను అన్నిటికంటె ఎక్కువగా పట్టి పీడించే పాపము గర్వమని ఒప్పుకొని వ్రాసినది ఈ స్నేహితునికే. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి ఆక్స్‌ఫర్డులో టోల్కీన్, డైసన్ అనే ఇద్దరు స్నేహితులతో తెల్లవారుజాము వరకు మాట్లాడిన తరువాత లూయిస్ మనస్సు తిరిగినది. అక్టోబరు 1న ఆర్థర్‌కు ఉత్తరము వ్రాస్తూ, తాను ఇప్పుడు క్రీస్తును విశ్వసించే స్థితికి వచ్చానని తెలిపాడు. పదిహేను సంవత్సరాల క్రిందట నాకే నమ్మకమూ లేదు పొమ్మన్న అదే చేతివ్రాత. ఆ ఉత్తరము ఎదురింటి మేడమీద గదిలో విప్పి చదువుకున్న ఆర్థర్ ముఖము ఎలాగున్నదో చూడగలిగితే బాగుండునని మాకు అనిపించినది.

కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే మన పత్రికలలో సాక్ష్యముగా వేసుకోవటానికి చక్కగా సరిపోయేది. కాని ఆగలేదు. సంవత్సరాలు గడిచేకొద్దీ చిన్ననాటి విశ్వాసమునుండి ఆర్థరే ప్రక్కకు జరగటము మొదలుపెట్టాడు. యూనిటేరియనుల వైపు కొంతకాలము చూశాడు. బహాయి మతము వైపు చూశాడు. చివరి కాలములో క్వేకర్ల సహవాసములో చేరాడు. క్రీస్తు దైవత్వమును గూర్చి ఇద్దరి మధ్య 1940లలో గట్టి చర్చ నడిచినది. అప్పటికి లూయిస్ రేడియో ప్రసంగాలు దేశమంతా విన్నది. వేలాదిమంది సందేహాలకు జవాబు చెప్పే మనిషి, తన మొదటి స్నేహితుని మాత్రము ఒప్పించలేకపోయాడు. అలాగని వదలలేదు. 1916లో ఆర్థర్ వదలలేదు గదా. తాను ఆర్థర్ దగ్గర ప్రేమించటము నేర్చుకున్నాననీ, తన గర్వమును మాత్రము అతనికి అంటించలేకపోయాననీ లూయిస్ ఒకచోట వ్రాసుకున్నాడు. ఈ స్నేహములో బోధకుడు ఎవడో శిష్యుడు ఎవడో తేల్చటానికి మేము ఎంత ప్రయత్నించినా తేలలేదు.

తల్లి చనిపోయిన తరువాత ఆర్థర్ 1949లో క్రాఫర్డ్స్‌బర్న్ అనే పల్లెకు మారాడు. బెల్‌ఫాస్టునుండి బాంగర్ వెళ్ళే రైలు ఎక్కి హెలెన్స్ బే స్టేషనులో దిగితే, అక్కడనుండి నడిచి వెళ్ళవచ్చును. అమ్మాయి మా ఇద్దరికీ టిక్కెట్లు కొని రైలు ఎక్కించి, "నాన్నగారూ, గొడుగు మరచిపోకండి, అమ్మను నీళ్ళ ప్రక్కకు పోనివ్వకండి" అని పదిసార్లు చెప్పినది. రైలు సముద్రపు పాయ ఒడ్డునే పోతుంది. దిగి నడిస్తే పెద్ద చెట్ల తోపు, చిన్న వాగు, దాని మీద ఒక జలపాతము, చివరకు ఇసుక తీరము. పల్లె మధ్యలో ఓల్డ్ ఇన్ అనే సత్రమున్నది. 1614నాటిదని చెప్పుతారు. ముందు భాగానికి ఇప్పటికీ గడ్డికప్పే. గోదావరి జిల్లాల తాటాకిళ్ళను చూచిన కళ్ళకు, ఇంత ధనిక దేశములో గడ్డికప్పును ఇంత శ్రద్ధగా కాపాడుకోవటము ముచ్చటగా ఉన్నది.

లూయిస్ బెల్‌ఫాస్టు వైపు వచ్చినప్పుడు ఈ సత్రములో దిగి ఆర్థర్‌తో కాలము గడిపేవాడు. 1958 జూలైలో భార్య జాయ్‌తో కలిసి వచ్చి ఇక్కడే ఉన్నాడు. కాన్సరుతో మంచము పట్టిన ఆమెను 1957లో ఆసుపత్రి మంచము ప్రక్కనే పాదిరి ప్రార్థనతో పెళ్ళాడాడు. బ్రదుకదనుకున్న ఆమె లేచి నడిచినది. అలాగు లేచిన భార్యను తీసుకొని వచ్చి చిన్ననాటి స్నేహితునికి చూపించాడు. లూయిస్‌కు అప్పటికి దగ్గర దగ్గర అరవై. 1960 జూలైలో ఆమె చనిపోయినది.

1963 వేసవిలో మళ్ళీ ఆర్థర్ దగ్గరకు రావటానికి ఏర్పాట్లు చేసుకున్నాడు. జూలై నెల మధ్యలో గుండెపోటు వచ్చి ఆసుపత్రి పాలయ్యాడు. ప్రయాణము ఆగిపోయినది. కొంచెము కోలుకొని సెప్టెంబరు 11న ఆర్థర్‌కు ఉత్తరము వ్రాశాడు. ఇక ఈ లోకములో మనము కలుసుకోలేమేమో అన్న బాధ ఆ ఉత్తరములో ఉన్నది. చిన్ననాటినుండి మత విషయములో ఎన్ని వాదాలు నడిచినా, చివరి ఉత్తరములో వాదము లేదు. నవంబరు 22న లూయిస్ తన ఇంటిలో చనిపోయాడు. అదే దినమున అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కాల్చబడినందువలన ఆయన మరణవార్త లోకానికి ఆలస్యముగా తెలిసినది. ఆర్థర్ 1966 ఆగస్టులో ఈ క్రాఫర్డ్స్‌బర్న్‌లోనే కన్నుమూశాడు.

ఇంత వివరము మనకు తెలియటానికి కారణము ఆర్థరే. 1914 జూన్ నుండి 1963 వరకు స్నేహితుడు వ్రాసిన మూడు వందలకు దగ్గరగా ఉన్న ఉత్తరాలను అతడు పదిలముగా దాచాడు. 1979లో అవి పుస్తకముగా వచ్చాయి. అసలు ఉత్తరాలు అమెరికాలోని వీటన్ కళాశాలలో భద్రముగా ఉన్నాయి. ఆర్థర్ వ్రాసినవి మాత్రము వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే మిగిలాయి. లూయిస్ ఉత్తరాలు దాచుకునే అలవాటు గలవాడు కాడు. అందుచేత ఈ సంభాషణలో మనకు వినబడేది ఒక గొంతే. రెండవ గొంతు ఏమన్నదో, వచ్చిన జవాబును చూచి ఊహించుకోవలసినదే.

సత్రము ముందు కుక్కను నడిపించుకుంటూ వస్తున్న ఒక పెద్దాయనను ఆపి, ఆర్థర్ గ్రీవ్స్ గారి ఇల్లు ఎటువైపు అని అడిగాము. లూయిస్ పేరు చెప్పగానే ఆయన ముఖము వికసించినది. సత్రము వైపు చెయ్యి చూపి, ఆయన దిగినది ఇక్కడేనని గొప్పగా చెప్పాడు. ఆర్థర్ పేరు తాను వినలేదన్నాడు. ఎవరాయన అని మమ్మల్నే తిరిగి అడిగాడు. ఇంతలో వాన పట్టుకున్నది. ముగ్గురమూ గడ్డికప్పు చూరు క్రిందికి జరిగాము. మా వచ్చీరాని ఇంగ్లీషులో, 1914 ఏప్రిల్లో జబ్బుపడి మంచము మీద కూర్చున్న కుర్రవానినుండి మొదలుపెట్టి చెప్పాము. కుక్క ఆయన కాళ్ళ దగ్గర పడుకున్నది. బాంగర్ నుండి తిరిగి వచ్చే రైలు ఒకటి పోయినా, తరువాతి దానికి ఇంకా సమయమున్నదని ఆయనే గడియారము చూచి చెప్పాడు.